ఎదురుపట్టు

మా ఫ్యాక్టరీలో సగం మందికి ఉద్యోగం ఇచ్చింది నేనే. అదీ అరిచేతులు చూసి. చెయ్యి చాపమంటాను, బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాను, "రేపట్నించి రా" అంటాను. అంతే. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఫ్యాక్టరీ మా బావది. మా అక్కని పెళ్ళి చేసుకున్న మరుసటేడే రేకుల షెడ్డులో ఒక కొలిమి పెట్టి, ఇనుము కరిగించి నీళ్ళ పంపుల బాడీలు పోతపోయడం మొదలుపెట్టాడు. నాకు ఇనుము సంగతి బొత్తిగా తెలియదు కాబట్టి మనుషుల సంగతి చూసుకోమన్నాడు. నేను పెట్టుకున్నవాళ్ళు తమ్ముళ్ళని తెచ్చారు. తమ్ముళ్ళు బావమరుదుల్ని తెచ్చారు. అందరూ నన్ను మామయ్య అని పిలిచేవాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళతో సహా. నేనూ వద్దనలేదు.

తర్వాత షెడ్డు పక్కన షెడ్డు లేచింది. కొలిమి పోయి కరెంటు బట్టీలు వచ్చాయి. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకాయన అంతా తిరిగి చూసి, "మీ పర్సనెల్ డిపార్ట్‌మెంట్ ఎక్కడ?" అని అడిగితే మా బావ నన్ను చూపించాడు. ఆయన మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వు ఖరీదే మా కొత్త ఆఫీసరు.

వచ్చింది ఆడపిల్ల. నా కూతురికంటే ఓ రెండేళ్ళు చిన్నదేమో. దీన్నే చదివిందట, మనుషుల చేత పని చేయించడం ఎలాగో, దాన్నే! పెద్ద చదువట. నాకు ఒళ్ళు మండిపోయింది. వంట చేసే ఇంట్లోకి వంట పుస్తకం పట్టుకుని వచ్చినట్టుంది అనుకున్నాను. గోనెసంచులు పెట్టుకునే గది ఖాళీ చేయించి ఇచ్చాం. తనే దగ్గరుండి సున్నం వేయించుకుంది, ఒక బల్ల, దానికి ఇటో కుర్చీ అటో కుర్చీ వేయించుకుంది.

"అటు కుర్చీ ఎవరికమ్మా?" అన్నాను.

"వచ్చినవాళ్ళకి, మామయ్యగారూ."

"వచ్చేవాళ్ళు బట్టీ మనుషులు. ఒంటినిండా మసి."

"తుడుచుకోవచ్చు కదా, కుర్చీయే కదా."

మొదట వెళ్ళినవాడు కుర్చీ అంచు మీద సగమే కూర్చుని, బయటికొచ్చాక తొడలు పట్టేశాయని గోల పెట్టాడు. మేమందరం పడి పడి నవ్వాం. కానీ నెలన్నా తిరక్కుండానే జనం ఆ కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడ్డం కిటికీలోంచి చూశాను. నా దగ్గర అన్నేళ్ళలో ఒక్కడూ కూర్చోలేదు. కూర్చోమని నాకు తట్టనూ లేదు.

ఇంకో విచిత్రం చెప్తాను. మా గేటు బయట ఒక అరుగుండేది. ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళు దానిమీద కూర్చునేవాళ్ళు. నేను ఎవరినీ కాదనేవాణ్ణి కాదు, "చూద్దాం" అనేవాణ్ణి. కొంతమంది ఆ "చూద్దాం" మీదే ఏళ్ళు గడిపారు. ఆ పిల్ల వచ్చిన వారంలోనే అరుగు మీదున్న ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, "ఇప్పుడు పని లేదు, ఈ ఏడాది ఉండదు కూడా" అని మొహం మీదే చెప్పేసింది. ఇహ గేటు దగ్గర గొడవే అనుకుని నేను వాచ్‌మన్‌ని పక్కన పెట్టుకుని నిలబడ్డాను. వాళ్ళేమో దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు! అందులో ఒకడు మూడో వీధిలో వెల్డింగు షాపులో చేరి, ఒకరోజు ఆ పిల్లకి ఆ సంగతి చెప్పి పోవడానికి పనిగట్టుకుని వచ్చాడు. నేను నోరెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళూ దయగల మాట నాదే అనుకుంటున్నాను మరి.

ఇదంతా ఒక ఎత్తు, పెద్దపట్టు సంగతి ఒక ఎత్తు. అది చెప్పాలంటే ముందు పోత ఎలా పోస్తారో చెప్పాలి.

బట్టీలో కరిగిన ఇనుమును కుండలోకి వంపుతారు. కుండ అంటే మామూలు కుండ కాదు, లోపల మట్టి మెత్తిన ఇనప కుండ. దానికి రెండు పక్కలా నిలువెత్తు కడ్డీలు. ఒక కడ్డీకి చివర అడ్డంగా పిడి ఉంటుంది. ఆ పిడి పట్టుకున్నవాడు కుండని వంచుతాడు. అది పెద్దపట్టు. రెండో కడ్డీ పట్టుకున్నవాడు మోస్తాడంతే. అది ఎదురుపట్టు. ఎప్పుడు వంచాలో, ఎంత వంచాలో, ఎప్పుడు ఆపాలో పెద్దపట్టువాడికే తెలుస్తుంది. ఎదురుపట్టువాడి చేతుల్లో ఏమీ లేదు, కడ్డీ తప్ప. వదలడానికి లేదు, పక్కకి జరగడానికి లేదు. ఇనుము కాస్త తొణికిందా, పడేది వాడి కాళ్ళ మీదే.

పోత సమయానికి షెడ్డులో ఎవరూ మాట్లాడరు. కుండలోంచి వచ్చే వెలుగు గోడల మీదా, మనుషుల మొహాల మీదా పాకుతుంది. తెల్లగా, పచ్చగా, చూస్తే కళ్ళు పోయేంత వెలుగు. ఆ ఇద్దరూ ఇసుక అచ్చుల మధ్య ఒక్క మనిషిలా నడిచి వెళ్ళి, ఆగి, వంచి, మళ్ళీ నడుస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఊపిరి బిగపట్టే చూస్తాను.

పెద్దపట్టు మొదటినుంచీ ఒక్కడిదే. పేరు ఎప్పుడో మర్చిపోయాం, అందరికీ పెద్దాయన. ఆయన చేతిలో ఒక్క చుక్క తొణకడం నేను చూడలేదు. ఆ పని కఠినమైంది కాబట్టి దాంతోపాటు గేటు పక్కనున్న కంపెనీ ఇల్లు కూడా ఇచ్చాడు బావ; పని ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. పెద్దాయన పిల్లలు ఆ ఇంట్లోనే పుట్టారు. ఇప్పుడు కోడలు, మనవలు కూడా అందులోనే. అయితే, అన్నేళ్ళు ఆ వెలుగుని చూసీ చూసీ కళ్ళు దెబ్బతిన్నాయి. ఇక పోత దగ్గరికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. ఆయనే వచ్చి చెప్పాడు, ఈ నెలాఖరుతో చాలిస్తానని.

దీనికింత ఆలోచన దేనికి? ఆయన తర్వాత ఆయన కొడుకు. మా దగ్గర పద్ధతే అది. తండ్రి పని కొడుకుది, కొడుకు లేకపోతే అల్లుడిది. పైగా నేను మాటిచ్చాను. పెద్దాయన కొడుకు పోతజట్టులో చేరిన రోజునే, "నీ తర్వాత వీడే" అని అందరి ముందూ అన్నాను. వాడికి మీసాలు మెలితిరిగినా మాకందరికీ చిన్నోడే. మంచివాడు, నవ్వు మొహం. ఎవరికి ఏ అవసరమొచ్చినా కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడు. వాణ్ణి కాదనేవాడు ఫ్యాక్టరీలో లేడు.

ఆ పిల్ల మాత్రం, "జట్టులో అందరినీ అడిగి చూద్దాం మామయ్యగారూ" అంది. కాగితాలు అచ్చు వేయించింది. తోటివాళ్ళలో ఎవరి పని ఎలా ఉంటుందో గుర్తు పెట్టాలట. బాగాలేదు, పరవాలేదు, బాగుంది, చాలా బాగుంది. అందరూ బుద్ధిగా నింపి ఇచ్చారు. అందరూ అందరికీ చాలా బాగుంది అని పెట్టారు. రెండు నెలల క్రితం మానేసి సొంత కొట్టు పెట్టుకున్నవాడి పేరు పొరపాటున అందులో ఉండిపోతే, వాడికి కూడా!

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "ఇక్కడ నీ పప్పులుడకవమ్మా. పక్కన నిలబడి పనిచేసేవాణ్ణి బాగాలేదని ఎవడు రాస్తాడు? మళ్ళీ వాడి మొహం చూడొద్దూ?"

నా నవ్వు ఆమెకి పట్టలేదు. "అవును, తప్పు నాదే. అడగకూడని మాట అడిగాను" అంది. కాగితాలన్నీ మడిచి పక్కన పడేసింది. తర్వాత రోజూ పోత సమయానికి వచ్చి గోడవార నిలబడేది. మొదటిరోజు కుండ లేవగానే ఆ పిల్ల చెయ్యి నోటిమీదికి పోవడం చూశాను. పోనీలే, దీనికీ భయముంది, భక్తీ ఉంది అనుకున్నాను. అప్పటికి చిన్నోడు సాధన కోసమని రోజుకో రెండు కుండలు పెద్దపట్టు పడుతున్నాడు. మిగతావి, పెద్దాయన అప్పటికే పిడి ముట్టడం మానేశాడు కాబట్టి, నిదానం పట్టేవాడు.

నిదానం అంటే మనిషే. ఏ పనైనా అంత మెల్లగా చేస్తాడని ఆ పేరు పడింది. అరుగు మీదనుంచి నేను తీసుకున్నవాళ్ళలో ఎవరికీ ఏమీ కానివాడు వాడొక్కడే. తెచ్చినవాడూ లేడు, వాడు తెచ్చినవాడూ లేడు. పలకరిస్తే మనం రెండోమాట అనేదాకా మొదటిదానికి జవాబు రాదు.

ఒకరోజు ఆ పిల్ల అడిగింది. "చిన్నోడు పెద్దపట్టు పట్టినప్పుడు ఎదురుపట్టుకి ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరు వస్తారు."

"ఆ ఎవరో ఒకరు రావడానికి ఎంతసేపు పడుతోందో చూశారా?"

నేను చూడలేదు. మర్నాడు చూశాను. చిన్నోడు పిడి పట్టుకోగానే ఒకడికి దాహం వేసింది. ఇంకొకడు బూటు తాడు సవరించుకోవడానికి వంగాడు, ఎంతకీ లేవడు. ఆఖరికి ఒకడు వెళ్ళాడు, పెదాలు బిగించి. చిన్నోడు నవ్వుతూ, హుషారుగా, కాస్త తొందరగా వంచాడు. ఏమీ కాలేదు. కానీ ఎదురుగా ఉన్నవాడి కాలి బొటనవేళ్ళు బూట్లలో ముడుచుకోవడం నాకు బూట్ల పైనుంచే తెలిసింది. ఆ తర్వాత నిదానం పిడి పట్టుకుంటే, ఎదురుపట్టుకి ఇద్దరొచ్చి ఒకరినొకరు తోసుకున్నారు. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో తిరిగిన నా కళ్ళకి ఇది ఆనలేదు. గోడవార వారం రోజులు నిలబడ్డ పిల్లకి ఆనింది.

"అయినా నేను మాటిచ్చాను" అన్నాను, ఆమె గదికి వెళ్ళి, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని. "మాట తప్పితే రేపట్నించి ఈ ఫ్యాక్టరీలో నన్ను మామయ్య అనేవాడుండడు. నువ్వు చదివిన చదువులో దీనికేమైనా మందుందా?"

"లేదండీ. మీ మాట తప్పమని నేననను. మాటిచ్చింది మీరు, పుచ్చుకున్నది పెద్దాయన. వదులుకోవాలంటే ఆయనే వదులుకోవాలి. ఆయన కొడుక్కే ఇమ్మంటే కొడుక్కే ఇద్దాం. ఎదురు నిలబడేవాళ్ళకి ఏ రక్షణ ఇవ్వగలమో అది నేను చూసుకుంటాను."

"మరి ఏం చేద్దామంటావు?"

"ఒక్క ప్రశ్న అడుగుదాం. ఒక్కొక్కరినీ విడివిడిగా. కాగితం వద్దు. నేనడిగితే చెప్పరు, మీరడగాలి. కానీ మామయ్యగారూ, ఏమీ అనుకోకండి, మీ మొహం ఏదీ దాచుకోదు. మీ మొహం చూసి మీక్కావలసిన జవాబే చెప్తారు."

మొహం ఎక్కడ పెట్టుకుని రమ్మంటుంది? ఆ పిల్ల లేచి నా కుర్చీని కిటికీ వైపు తిప్పింది. వచ్చినవాళ్ళకి నా వీపు కనిపిస్తుంది, నాకు బయట వాకిలి కనిపిస్తుంది. ఈ వయసులో క్లాసులో గోడకి నిలబెట్టిన పిల్లాడిలా అయింది నా పని. కోపం రావాలి, నవ్వొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి పోతజట్టుని ఒక్కొక్కరుగా పిలిచింది. నేను కిటికీతో మాట్లాడుతున్నట్టు అడిగాను.

"పెద్దపట్టు ఎవరు పడితే నువ్వు ఎదురుపట్టుకి నిలబడతావురా?"

మొదటివాడు నీళ్ళు నమిలాడు. "అందరూ మంచోళ్ళే కదా మామయ్యా."

"మంచి చెడూ అడగలేదు. నీ కాళ్ళ ముందు కుండ ఎవరు వంచాలి?"

కుర్చీ కిర్రుమంది. "నిదానం" అన్నాడు.

రెండోవాడూ నిదానం అన్నాడు. మూడోవాడు పెద్దాయనకి స్వయానా తమ్ముడి కొడుకు. వాడూ నిదానం అనే అన్నాడు, గొంతు తగ్గించి. నిదానాన్ని అడిగితే, "పెద్దాయన" అన్నాడు. ఆయన మానేస్తున్నాడు కదరా అంటే, "అయితే ఆలోచించుకుని చెప్తానండీ" అని వెళ్ళాడు. ఇప్పటికీ చెప్పలేదు.

చిన్నోడు ఈల వేసుకుంటూ వచ్చాడు. నేను అడిగాను. మంచినీళ్ళ కూజా ఎక్కడుందిరా అంటే చెప్పినంత తేలిగ్గా, "ఇంకెవరు మామయ్యా, నిదానం" అన్నాడు. అని, ఆగిపోయాడు. నేను వెనక్కి తిరగలేదు గానీ, గదిలో గాలి మారిపోవడం తెలిసింది. వాడిప్పుడు ఏమన్నాడో వాడికి అప్పుడే వినపడింది.

"మామయ్యా, ఇది లెక్కలోకి రాదు కదా?"

ఆ పిల్లే చెప్పింది, మెత్తగా, కానీ దాచకుండా. "వస్తుంది. మీరు చెప్పిన మాట ఈ గది దాటదు. కానీ నేను విన్నాను, మామయ్యగారు విన్నారు."

"నాన్నకి చెప్పకండి" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఈల లేదు.

నేను కిటికీ చువ్వలు పట్టుకుని కూర్చున్నాను. ఎవరిమీదా ఒక్క చెడ్డమాట లేదు. ఒక్కరిమీదా వేలెత్తి చూపలేదు. ఒక్క ప్రశ్న మార్చి అడిగేసరికి ఇంతకాలం అందరి కడుపులోనూ ఉన్నది ఒక్కొక్కటిగా బయటికొచ్చి బల్లమీద కూర్చుంది. మనుషుల్ని చూడ్డానికి చదువేమిటని నవ్వానే, ఇదీ ఆ చదువు.

ఆఖర్న పెద్దాయన వచ్చాడు. తడుముకుంటూ కుర్చీ వెతుక్కుని కూర్చోవడం వినపడింది. "మామయ్య ఏరీ?" అన్నాడు.

"ఇక్కడే, కిటికీ దగ్గర."

"అటు తిరిగి కూర్చున్నారేం? నాకెలాగూ మీ మొహం కనపడదు."

అందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా అడిగాను. "పెద్దపట్టు ఎవరు పడితే నువ్వు ఎదురు నిలబడతావు?"

"నేనింక నిలబడను కదా మామయ్యా."

నిజమే. ఈ ప్రశ్న ఆయనకి సరిపోదు. ఆ పిల్ల ఏదైనా అంటుందేమోనని చూశాను, అనలేదు. ఏమీ అనకుండా ఉండడం కూడా చదువుకుని వచ్చిందేమో. పెద్దాయనే మళ్ళీ మొదలుపెట్టాడు.

"మిగతావాళ్ళు ఏమన్నారు?"

"అది చెప్పకూడదండీ" అంది ఆమె. "ఒక్కటి మాత్రం చెప్తాను. మామయ్యగారి మాట అలాగే ఉంది. మీరు మీ అబ్బాయికే ఇమ్మంటే ఇస్తాం. మిమ్మల్ని ఇంకో మాట అడగం."

"ఇల్లు కూడా వాడికే ఉంటుంది."

"ఉంటుంది."

వాకిట్లో చిన్నోడు తండ్రి కోసం ఎదురుచూస్తున్నాడు. మెట్ల దగ్గర నిలబడి బూటుతో నేల గీస్తున్నాడు. వాణ్ణి చూస్తూ నేను, ఇమ్మనవయ్యా, నీ కొడుక్కే ఇమ్మను, నా మాట దక్కుతుంది, మీ ఇల్లు దక్కుతుంది, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను. మరుక్షణంలోనే, వద్దు, వద్దు అనుకున్నాను.

పెద్దాయన మాట్లాడాడు. నాతోనో, ఆమెతోనో, తనతోనో తెలియదు.

"వాడు మంచి పనోడే. తొందరొక్కటే. నేను తిట్టాను, కొట్టాను, బతిమాలాను. చేతిలో ఉన్నది మాటతో పోదు. వాడు పెద్దపట్టు పడితే ఎదురుగా ఎవడో ఒకడి కొడుకు నిలబడతాడు. ఏదైనా అయితే ఆ తల్లి మా గుమ్మంలోకొచ్చి అడుగుతుంది. నేనేం చెప్పను? ఆవిడ సంగతి అలా ఉంచండి. అదే నిదానం పెద్దపట్టు పట్టాడనుకోండి, ఎదురు నిలబడేది ఎవడు? నా కొడుకు. కుండకి అవతల ఉండేది నా కొడుకు కాళ్ళు. వాడు రోజూ రెండు కాళ్ళతో ఇంటికి రావాలి మామయ్యా. అది ఏ ఇల్లైతే ఏం?"

"నిదానానికి ఇవ్వండి. మీ మాట మీకు వాపసు ఇస్తున్నాను."

అని లేచాడు. "ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారమ్మా?" అని అడిగాడు.

ఆ పిల్ల గొంతు వణకడం నేను వినడం అదొక్కసారే. "యజమానిగారితో మాట్లాడతానండీ. అవుతుందని మాత్రం ఇప్పుడు చెప్పలేను."

"అలా చెప్పడమే మంచిది" అన్నాడు పెద్దాయన. తలుపు దాకా ఆమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

నేను కిటికీలోంచే చూశాను. చిన్నోడు మెట్లెక్కి వచ్చి తండ్రిని అందుకున్నాడు. ఒక్కొక్క మెట్టూ చెప్పి దింపాడు, తొందరపడకుండా. వాకిట్లోకి వచ్చాక, కొడుకు అడక్కుండానే తండ్రి అన్నాడు.

"నిజమే చెప్పానురా."

చిన్నోడు తల వంచుకుని కొంతదూరం నడిచాడు.

"నేనూ నిజమే చెప్పాను నాన్నా" అన్నాడు.

పెద్దాయన ఆగాడు. కొడుకు భుజం మీద ఉన్న చేతిని తీసి, తడుముతూ వాడి మొహం వెతికి, చెంప మీద పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ గేటు పక్కనున్న ఇంటివైపు నడిచారు, ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ.